ఇసుకలో అక్షరాల నుంచి ఎదురెదురు పేజీల దాకా

ఒకటో తరగతి అనేది ఎప్పటి నుంచో ఉన్నట్టే అనిపిస్తుంది గానీ, తెలుగునాట దాని వయసు తక్కువే. అంతకు ముందున్నది వీధిబడి. అయ్యవారి అరుగే తరగతి గది. పిల్లవాడికి ఐదో ఏడు రాగానే మంచిరోజు చూసి, వినాయకుడికి మొక్కించి, బియ్యంలో ఓనమాలు దిద్దించేవారు. ఆ రోజు నుంచి వాడు బడిపిల్లవాడు. ఏటికో తరగతి అన్నది లేదు. ఎవరి పాఠం వారిది, ఎవరి వేగం వారిది.

ఆ బడి లోపల ఏం జరిగేదో మనకు కాస్త వివరంగా తెలిసింది బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ వల్ల. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల్లో బడులెన్నో లెక్క తీయమన్నాడు. మిగతా కలెక్టర్లలో చాలామంది అంకెలు పంపి ఊరుకుంటే, క్యాంప్‌బెల్ 1823లో బడి నడిచే తీరునంతా రాసి పంపాడు. బళ్ళారి జిల్లాలో 533 బడులున్నాయని, అందులో 226 తెలుగు బడులని తేల్చాడు. పిల్లలు 6,641 మంది. అందులో ఆడపిల్లలు అరవై మందే. వీధిబడి గొప్పతనం గురించి మాట్లాడే వాళ్ళు ఈ చివరి అంకెను ఎందుకో వదిలేస్తుంటారు.

అక్షరాలను నోటితో వల్లించడం కంటే ముందు, నేల మీద పోసిన ఇసుకలో వేలితో రాయించేవారట. చెయ్యి కుదిరాక తాటాకూ గంటమూ, లేదా బొగ్గు పూసిన చెక్కపలక. గుణింతాలు, ఒత్తులు అయ్యాక మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, జంతువుల పేర్లు రాయించడం. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పేవారు, అయ్యవారు పెద్దవాళ్ళను చూసుకునేవాడు. మద్రాసులో ఈ పద్ధతిని గమనించిన ఆండ్రూ బెల్ దాన్ని సైనికుల అనాథ పిల్లల బడిలో వాడి, 1797లో లండన్లో పుస్తకం వేశాడు. ఇంగ్లండులో అది ‘మద్రాసు పద్ధతి’గా పేరు పొందింది.

క్రమశిక్షణ తీరు ఇంకా విచిత్రం. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండో వాడికి సున్నా, అంటే పొగడ్తా లేదు, తిట్టూ లేదు. మూడో వాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగో వాడికి రెండు, అలా పెరుగుతూ పోయేది. ఆఖరున వచ్చిన వాడి సంగతి చెప్పనక్కర్లేదు. దీనికి తోడు దూలానికి వేలాడదీసే కోదండం, గోడకుర్చీ ఉండనే ఉన్నాయి.

క్యాంప్‌బెల్ బడి తీరు వర్ణించి ఊరుకోలేదు. పిల్లలు చదివే పద్యాల భాష వాళ్ళు ఇంట్లో మాట్లాడే భాష కాదనీ, అర్థం తెలియకుండానే గడగడా అప్పజెబుతున్నారనీ రాశాడు. రెండు శతాబ్దాల మన ప్రాథమిక విద్యలో తగువులన్నీ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయని నా నమ్మకం. ఏం నేర్పాలన్న దాని మీద మనవాళ్ళు పెద్దగా కొట్టుకోలేదు. అక్షరాలు, అంకెలు, నాలుగు మంచి మాటలు, అంతే. ఎవరి నోటి భాషలో నేర్పాలన్నదే అసలు పేచీ.

అచ్చు వచ్చాక పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష, దాన్ని పెంచగా వచ్చిన పెద్దబాలశిక్ష ఇంటింటికీ చేరాయి. అక్షరమాల పక్కనే ప్రభవ విభవలు, తిథులు, నక్షత్రాలు, ఎక్కాలు, నీతివాక్యాలు. వీసం, పరక, కాణి లెక్కలు నోటికి రాని పిల్లవాడికి చదువు వచ్చినట్టు కాదు. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు రావడం, ఆ వెనకే కిలోలు, మీటర్లు రావడంతో ఆ భిన్నాల బరువు చిన్నారుల నెత్తి మీద నుంచి దిగిపోయింది. విద్యావేత్తలు చేయలేని సంస్కరణ టంకశాల చేసింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో విశాఖ వైపు బడుల తనిఖీకి వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొరకు, తెలుగువాళ్ళు రాసేదొకటి మాట్లాడేదొకటి ఎందుకన్న సందేహం వచ్చింది. ఆ సందేహం గురజాడ, గిడుగు రామమూర్తుల దగ్గర ఉద్యమమైంది. గిడుగు అంతకు ముందే పర్లాకిమిడి కొండల్లో సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటల్లోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టాడు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన వాదాలను గుర్తుంచుకున్నంతగా ఈ పనిని మనం గుర్తుంచుకోలేదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి దళిత పిల్లల కోసం బడులు తెరవడం కూడా ఈ కాలపు మాటే. నిజాం రాజ్యంలో పైచదువు ఎక్కువగా ఉర్దూలోనే కాబట్టి తెలుగు అక్షరాలతో మొదలైన పిల్లవాడు కూడా ముందో వెనకో భాష మార్చుకోక తప్పేది కాదు.

స్వాతంత్ర్యం తర్వాత ఒకటో తరగతి నిజంగా ఊరూరికీ వెళ్ళింది. మార్కాపురం రాతిపలకలు, బలపం ముక్కలు, ‘అ’ అంటే అమ్మ అనే రంగుల బొమ్మ. తరవాత అక్షరమాల వరసను పక్కనబెట్టి తెలిసిన మాటతో మొదలుపెట్టి అక్షరాన్ని విడదీసే పద్ధతి వచ్చింది. బోధనగా ఇది మెరుగే. ఇంట్లో తాతలు మాత్రం ‘అఆలు రాకుండా ఇదేం చదువు’ అని సాయంత్రం పూట పాత వరసే దిద్దించారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బెత్తాన్ని నిషేధించింది. నిషేధం కాగితం మీద తేలికైంది, గదిలో అంత తేలిక కాలేదు.

ఇక ఇంగ్లీషు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకటి నుంచి ఆరు దాకా ఇంగ్లీషు మాధ్యమమే అని ఉత్తర్వు ఇస్తే, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఏడు వచ్చిన జాతీయ విద్యా విధానం మాతృభాష వైపు మొగ్గింది. 2022లో తెలంగాణ కూడా సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలుపెట్టింది. ఇందులో తల్లిదండ్రులను తప్పుపట్టలేం. పక్క వీధిలోని ప్రైవేటు బడికి టై కట్టుకుని వెళ్ళే పిల్లవాడిని రోజూ చూసే కూలీ తల్లికి భాషాశాస్త్రం చెప్పి ఒప్పించడం అయ్యే పని కాదు. చివరికి రెండు రాష్ట్రాల్లోనూ మధ్యేమార్గంగా ద్విభాషా పుస్తకం వచ్చింది. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. చూడ్డానికి బాగుంది. అయితే రెండింట్లో పిల్లవాడు దేన్ని చదువుతున్నాడన్నది టీచరు మీద, ఆ ఊరి మీద, ఇంటి మీద ఆధారపడి ఉంది.

ఈ పుస్తకం ముందు ఏటూరునాగారం వైపు కోయపిల్లనో, ఆదిలాబాదు గోండుపిల్లనో కూర్చోబెడితే రెండు పేజీలూ కొత్తే. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో, చిన్న తరగతులకు వాచకాలు వేసింది. గిడుగు సవర పిల్లలకు చేసిన పని ఆ రకంగా సర్కారు పని అయింది. దానికి కావలసింది ఆ భాష మాట్లాడే టీచర్లు, ఏటేటా మళ్ళీ అచ్చయ్యే పుస్తకాలు. మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవగలగాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన ‘నిపుణ్ భారత్’ గడువు 2026–27. గోండు ఇంట్లో పుట్టిన బిడ్డ విషయంలో అది ఏ భాషలో చదవడమో ముందు తేల్చుకోవాలి.