ముందు ఎవరు, ఆగేది ఎవరు? – లినక్స్ షెడ్యూలర్ల చరిత్ర

పలాస మీదుగా పాసింజరు బండిలో వెళ్లే విద్యార్థులకు టెక్కలి దగ్గరి నౌపడ జంక్షన్ పరిచయమే. హౌరా–చెన్నై ప్రధాన మార్గం నుంచి గుణుపురం లైను ఇక్కడే చీలుతుంది. వెనుక ఎక్స్‌ప్రెస్ వస్తుంటే పాసింజరును లూప్ లైనులో ఆపి దానికి దారి ఇస్తారు. లైను ఒకటే, బండ్లు అనేకం. ఏది ముందు పోవాలో, ఏది ఎంతసేపు ఆగాలో కంట్రోలర్ నిర్ణయించాలి. కంప్యూటర్లో లైను వంటిది ప్రాసెసర్, బండ్ల వంటివి ప్రోగ్రాములు. కంట్రోలర్ పని చేసే కెర్నెల్ భాగాన్ని షెడ్యూలర్ అంటారు. అది మిల్లీసెకన్ల లెక్కన ఒక ప్రోగ్రామును ఆపి మరొకదానికి వంతు ఇస్తుంది. ఎప్పుడూ ఎక్స్‌ప్రెస్‌కే దారి ఇస్తే పాసింజరు కదలదని మీకు తెలుసు. ప్రోగ్రాములకు పట్టే ఇటువంటి స్థితినే 'స్టార్వేషన్' అంటారు.

లినక్స్ 1991లో మొదలైంది. దాని తొలి షెడ్యూలర్లు ప్రతి నిర్ణయానికీ సిద్ధంగా ఉన్న ప్రోగ్రాములన్నింటినీ వెతికేవి. వాటి సంఖ్య పెరిగేకొద్దీ ఆలస్యమూ పెరిగేది. ఇంగో మోల్నార్ రాసిన కొత్త షెడ్యూలర్ 2003 డిసెంబరులో 2.6 కెర్నెల్‌తో విడుదలై ఈ లోపాన్ని తీర్చింది. అయితే వాడుకరికి వెంటనే స్పందించవలసిన ప్రోగ్రాము ఏదో అది ఊహించేది. ఊహ తప్పితే పాట మధ్యలో తెగేది.

ఈ ఇబ్బందిని పట్టించుకున్న వారిలో ఆస్ట్రేలియాకు చెందిన మత్తుమందు వైద్యుడు కాన్ కొలివాస్ ముఖ్యుడు. ఊహలు మాని అందరికీ సమాన వాటా ఇవ్వాలన్న సూత్రంపై 2007లో ఆయన ఒక షెడ్యూలర్ రాశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో మోల్నార్ సీఎఫ్ఎస్‌ను ప్రకటించి, సమాన వాటా ఆలోచనలో కొలివాస్ కృషిని గుర్తించారు. అక్టోబరులో 2.6.23 కెర్నెల్‌లో చేరింది మాత్రం సీఎఫ్ఎస్. ఆలోచన నెగ్గింది, దానికోసం పోరాడినవాడి కోడ్ బయటే మిగిలింది. కొలివాస్ కొంతకాలం తప్పుకొని, 2009లో బీఎఫ్ఎస్‌తో తిరిగి వచ్చారు. దానిని వాడదలచినవారు కెర్నెల్‌ను తామే మార్చి కంపైల్ చేసుకోవలసి వచ్చేది.

ఇంతలో మరో ప్రశ్న వచ్చింది: సమానత్వం ఎవరి మధ్య? ఒకరు 1 ప్రోగ్రామును, మరొకరు 9 ప్రోగ్రాములను నడుపుతున్నారనుకోండి. ప్రోగ్రాముల లెక్కన మొదటివారికి దక్కేది 10 శాతమే. మనుషుల లెక్కన 50 శాతం. ఇటువంటి గుంపుల మధ్య పంపకాన్ని ఐబీఎంలో పనిచేసిన శ్రీవత్స వడ్డగిరి తదితరులు రూపొందించగా, 2008 జనవరిలో వచ్చిన 2.6.24లో అది చేరింది.

2023లో విడుదలైన 6.6 కెర్నెల్‌లో సీఎఫ్ఎస్ పద్ధతి స్థానంలోకి ఈఈవీడీఎఫ్ వచ్చింది. 2024 నవంబరులో వచ్చిన 6.12లో 'షెడ్ ఎక్స్‌ట్' చేరింది. దీనితో కెర్నెల్‌ను తిరిగి కంపైల్ చేయకుండానే మీరు రాసిన షెడ్యూలర్‌ను నడుస్తున్న యంత్రంలోకి ఎక్కించవచ్చు. సిద్ధంగా ఉన్న ప్రోగ్రాముకు నిర్ణీత గడువులో, గరిష్ఠంగా 30 సెకన్లలో, వంతు రాకపోతే కెర్నెల్ మీ షెడ్యూలర్‌ను తొలగించి తనదానికి మరలుతుంది.

అందరికీ సరిపడే ఒకే షెడ్యూలర్ లేదని ఈ చరిత్ర చెబుతుంది. 2007లో కొలివాస్‌కు దొరకని దారి నేడు ఉద్దానంలో పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న విద్యార్థికీ తెరచి ఉంది. ఎవరిని ఆపాలో రాసేవారే, ఆగినవారి వంతు ఎప్పుడు వస్తుందో కూడా రాయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై ఉదాహరణలో 9 ప్రోగ్రాములూ ఒకే ఆసుపత్రి సర్వర్‌వి అయితే, ఏ లెక్కన పంచడం న్యాయం? కారణాలతో 5 వాక్యాలలో రాయండి.