విమానం వెంట రెండు చక్రాలు

చిన్న విమానాలు వాలే మైదానాలు తరచు ఊరికి దూరంగా, పొలాల నడుమ ఉంటాయి. దిగిన మనిషికి అక్కడినుండి ఊరు చేరడమే అసలు ప్రయాణం. బండిని కూడా విమానంలో వెంట తీసుకుపోతే? వినోదంగా తోచే ఈ ఆలోచన వెనుక ఒక యుద్ధచరిత్ర ఉంది. దానిని ఇక్కడ చెప్పదలచుకున్నాను.

రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ పారాషూట్ సైనికులకు ఎదురైన చిక్కు ఇదే. నేలమీద దిగి, నడిచి లక్ష్యాన్ని చేరేలోగా శత్రువు మేలుకుంటాడు. అందుకని బి.ఎస్.ఎ. సంస్థ మడత సైకిలు తయారుచేసింది. మన ఊళ్ళలో సైకిళ్ళమీద చూసిన పేరే అది! రెండు రెక్కల నట్లను చేత్తో వదులుచేస్తే చట్రం నడుముకు మడతపడేది. చక్రాలు వంకరపోకుండా, హ్యాండిలూ సీటూ ముందుగా నేలను తాకేటట్లు దానిని పారాషూటుతో వదిలేవారు.

తరువాత మోటారు బండి వచ్చింది. వెల్విన్ దగ్గరి రహస్య పరిశోధనశాలలో పుట్టింది కనుక దాని పేరు వెల్‌బైక్. 98 సీసీ ఇంజను, సుమారు 32 కిలోల బరువు. పారాషూటుతో దించే పెట్టెలో పట్టాలి కాబట్టి 51 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తుకు దానిని కుదించారు. అందుకోసం లైట్లు, సస్పెన్షన్, ముందు బ్రేకు అన్నీ వదులుకున్నారు. 1942 నుండి మూడున్నర వేలకు పైగా తయారయ్యాయి.

కాని పెట్టెకు సరిపోయిన బండి బాటకు సరిపోలేదు. చిన్న చక్రాలు గతుకుల నేలపై తడబడ్డాయి. మనిషి ఒకచోట, పెట్టె మరొకచోట దిగితే, శత్రువుల నడుమ దానిని వెదుక్కోవలసి వచ్చేది. కాపాడవలసిన నిమిషాలు ఆ వెదుకులాటలోనే పోయేవి. పెద్ద గ్లైడర్లు వచ్చాక ఇంత కుదింపు అవసరం తీరింది. బుల్లెట్‌తో మనకు చిరపరిచితమైన రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి 125 సీసీ 'ఫ్లయింగ్ ఫ్లీ' వాటిలో ప్రయాణించింది. యుద్ధానంతరం వెల్‌బైక్ రూపు మార్చుకొని, 'కార్గీ' పేరుతో పౌరుల చేతికి వచ్చింది.

నేటి చిన్న విమానానికీ ఆ లెక్కలు తప్పవు. నలుగురు కూర్చునే సెస్నా 172లో సామానుకు అనుమతించే బరువు 54 కిలోలే. అదీ వెనుక భాగంలో. హద్దు మీరితే విమానం సమతౌల్యం చెదురుతుంది. మోపెడ్ అయితే మరో ముప్పు: పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, ట్యాంకులోని పెట్రోలు ఆవిరి బయటికి తోసుకొస్తుంది. మూసిన గదిలో అది నిప్పుతో చెలగాటమే.

అందుకే, ఈ చరిత్రలో మోటారు బండి కంటె మడత సైకిలే నాకు తెలివైనదిగా కనిపిస్తుంది. పన్నెండు కిలోల బరువుతో దొరికే నేటి మడత సైకిలు సీటు వెనుక ఒదుగుతుంది, పెట్రోలు అడగదు. దిగిన చోటినుండి మనిషిని ఊరిదాకా చేరుస్తుంది. ఎనిమిది దశాబ్దాల క్రితం సైనికుడు కోరుకున్నదీ అంతే కదా.