ఆరోగ్యజలములు - హంసలదీవి కథ

సహ్యాద్రిలో మహాబలేశ్వరమున పుట్టిన కృష్ణవేణి సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి, దివిసీమ నంటి పాయలుగా చీలి సముద్రమును చేరుచున్నది. అట్లు చేరు తావులలో హంసలదీవి యొకటి. అవనిగడ్డ, కోడూరు దాటి పోయినచో అచట వేణుగోపాలస్వామి ఆలయమును, దానికి దిగువను సాగరసంగమమును కానవచ్చును. మాఘ పూర్ణిమనాడు దివిసీమ గ్రామములనుండియే గాక బందరు, గుడివాడ ప్రాంతములనుండియు జనులు వచ్చి ఇచట సముద్రస్నానము చేయుదురు. ఒకప్పుడు ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చెడివారు. నేడు బస్సులలో వచ్చుచున్నారు. వాహనములు మారినవి గాని, ఆ నీట మునిగినచో పాపము తొలగును, దేహమునకు మేలు కలుగును అను నమ్మకము మారలేదు.

ఈ క్షేత్రమునకు ఒక కథ కలదు. లోకములోని జనులెల్లరు వచ్చి గంగలో మునిగి, తమ పాపములను ఆమెకు విడిచి పోవుటచే గంగాదేవి మలినురాలయ్యెనట. ఆమె విష్ణువును ఆశ్రయింపగా ఆయన, కాకి రూపము దాల్చి భూమిమీది తీర్థములన్నింట స్నానము చేయుమనియు, ఏ తీర్థమున హంసరూపము కలుగునో అదియే ఆమె పాపమును బాపిన తీర్థమనియు ఆనతిచ్చెనట. కాకి యనేక తీర్థములలో మునిగినను నల్లదనము పోలేదు. తుదకు కృష్ణ సముద్రమును గలియు చోట మునిగి లేచునప్పటికి తెల్లని హంస యయ్యెను. ఆ దీవి నాటినుండి హంసలదీవి యయ్యెనని పెద్దలు చెప్పుదురు.

ఇట్టి కథను చరిత్ర యనజాలము. అయినను దానిని చెప్పుకొన్న జనుల ఆలోచన చరిత్రకు సంబంధించినదే. తక్కిన తీర్థకథలు నీరు మనుష్యుని ఎట్లు శుద్ధి చేయునో చెప్పును. ఈ కథ మరియొక మెట్టు ముందునకు పోయి, అందరిని కడిగిన నీటిని ఎవరు కడుగవలెనని అడుగుచున్నది. ఈ ప్రశ్నను వెంట నిడుకొని రోగహరములని పేరొందిన జలముల చరిత్రను కొంత పరిశీలింతము.

నీటికి రోగములు మాన్పు శక్తి యున్నదను విశ్వాసము మన దేశమునకే చెందినది కాదు. ఇంగ్లండులోని బాత్ నగరమున వేడినీటి బుగ్గ కలదు. రోమనులు ఆ దేశము నేలిన కాలమున సులిస్ మినర్వా యను దేవత పేర అచట గుడిని, స్నానశాలలను కట్టిరి. ఫ్రాన్సు దేశములోని లూర్దులో 1858లో బెర్నడెట్ అను బాలికకు మేరీమాత దర్శనమిచ్చి యొక ఊటను చూపెనని నమ్మి, నేటికిని ఏటేట లక్షలమంది అచటికి పోవుచున్నారు. అచట స్వస్థత పొందితిమని చెప్పువారిని పరీక్షించుటకై 1883లో వైద్యుల కార్యాలయ మొకటి యేర్పడినది. పీఠాధిపతులు అద్భుతములని యంగీకరించిన స్వస్థతలు 2018 నాటికి 70 మాత్రమే. విశ్వాసమునకు నెలవైన చోటనే విచారణకును తావిచ్చుట గమనింపదగినది.

సముద్రస్నానమును గూర్చియు ఇట్టిదే జరిగెను. 1750లో రిచర్డు రస్సెల్ అను ఆంగ్లవైద్యుడు, గ్రంథులకు వచ్చు వ్యాధులకు సముద్రజలము ఔషధమని యొక గ్రంథము వ్రాసెను. అందు స్నానము చేయుటయే గాక, దానిని త్రాగుమనియు అతడు రోగులకు చెప్పెడివాడు. బెస్తవారి ఊరగు బ్రైటను ఆ పిమ్మట గొప్ప స్నానతీర్థమైనది. అంతకు ఎంతో ముందునుండియే ఈ దేశమున పర్వదినములందు సముద్రస్నానము ఆచారమై యున్నది. బందరు చెంతనున్న మంగినపూడి తీరమున, ఇసుకకు మారుగా నల్లమట్టి పరచుకొన్న ఆ లోతులేని నీటిలో, నేటికిని జనులు పర్వస్నానములు చేయుచునే యున్నారు.

ఊటను తెలుగువారు బుగ్గ యందురు. నంద్యాల చెంత మహానందిలో ఎడతెగక ఊరు తేటనీటి పుష్కరిణి కలదు. భద్రాచలము చెంత గుండాలయొద్ద గోదావరి యిసుకను త్రవ్వినచో వేడినీరు ఊరును. కృష్ణా డెల్టాకు అట్టి భాగ్యము లేదు. ఇది నది తెచ్చి పోసిన ఒండ్రునేల. సముద్రతీరపు గ్రామములలో పెక్కుచోట్ల భూమిని త్రవ్వినచో పైకి వచ్చునది ఉప్పునీరు. కనుకనే ఇచటివారికి త్రాగుటకు తగిన నీరే మొదటి యౌషధము.

మన ప్రాచీన వైద్యులు నీటిని గ్రుడ్డిగా పొగడలేదు. చెడిన నీటిని గుర్తించు లక్షణములను, దానిని బాగుచేయు ఉపాయములను సుశ్రుతుడు వివరించెను. కాచుట, ఎండకు పెట్టుట, కతకబీజముతో తేర్చుట వానిలోనివి. ఆ కతకబీజమే మన చిల్లగింజ. దీనిని అరగదీసి వరదనీటి కుండలో కలిపినచో బురద అడుగునకు దిగి, పైన తేటనీరు నిలుచును. శరదృతువులో పగటి యెండకు కాగి, రాత్రి వెన్నెలకు చల్లారి, అగస్త్యనక్షత్రోదయముతో నిర్దోషమైన నీటిని చరకసంహిత హంసోదక మని పేర్కొన్నది. హంసలదీవి పేరునకును ఆ పదమునకును సంబంధమున్నదని నేను చెప్పుట లేదు. రెండుచోట్లను హంస నైర్మల్యమునకు గుర్తు, అంతియే.

అయితే కంటికి తేటగా నున్న నీరెల్ల మంచినీరు కాదని 19వ శతాబ్దము నేర్పినది. 1867లో హరిద్వార కుంభమేళా ముగిసి యాత్రికులు ఇండ్లకు మరలగా, వారి వెంట కలరాయు ఊరూరికి పోయెను. 1884లో రాబర్టు కోచ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కలకత్తాలో, జనులు స్నానము చేయుచు, బట్టలుతుకుచు, త్రాగుచు నుండిన చెరువు నీటిలోనే కలరా సూక్ష్మజీవిని కనుగొనెను.

పండ్రెండేండ్లకు మరియొక వింత బయలుపడినది. ఆగ్రాలో పనిచేయుచుండిన హాంకిన్ అను పరిశోధకుడు, గంగాయమునల నీటిలో వేసిన కలరా క్రిములు కొలది గంటలలో చచ్చుచున్నవని 1896లో ప్రకటించెను. ఆ నీటినే కాచినచో ఆ గుణము పోవుచుండెను. సూక్ష్మజీవులను నశింపజేయు అంతకంటె సూక్ష్మమైన పదార్థమునకు 1917లో డెరెల్ అను శాస్త్రజ్ఞుడు బ్యాక్టీరియోఫేజ్ అని పేరిడెను. హాంకిన్ కనుగొన్నది దానినే యని పలువురు భావించిరి. దీనిచే గంగనుగూర్చిన విశ్వాసమంతయు రుజువైనదని సంతసించుట తొందరపాటు. ఒక్కొక్క ఫేజ్ కొన్ని జాతుల క్రిములను మాత్రమే చంపగలదు. నీటిలో చేరిన మురుగునంతను అది హరింపజాలదు. గంగాతీరవాసులకు కలరా రాక మానలేదు.

ఇందాక చెప్పిన బాత్ నగరపు బుగ్గకును ఇదే గతి పట్టినది. 1978లో ఆ నీట ఈదిన బాలిక యొకతె, నీటిలోని నీగ్లేరియా యను సూక్ష్మజీవి మెదడునకు సోకి మరణించెను. రోమను స్నానశాలలో స్నానములు నిలిపివేసిరి. వేరుగా లోతైన బోరు దింపి, ఆ నీటితో 2006లో క్రొత్త స్నానశాలను తెరచిరి. ప్రాచీనుల కాలమునుండి పేరొందిన బుగ్గకును కాపుదల అవసరమైనది.

ఇక మన సీమకు మరలుదము. 1852లో మొదలై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట ఈ ప్రాంతపు జీవనమును మార్చివేసినది. కాలువనీరు పొలములకే గాక గ్రామములలోని మంచినీళ్ల చెరువులకును అందెను. కాలువ కట్టువేయుటకు ముందే చెరువు నింపుకొని, ఆ నీటితో వేసవి గడపుట గుడివాడ, బందరు, దివి గ్రామములకు అలవాటైనది. పశువులను దింపరాదు, బట్టలుతుకరాదు అని కట్టుబాట్లు పెట్టుకొన్న గ్రామములు కలవు. ఆ కట్టుబాట్లు ఉన్నచోట నీరు నిలిచినది. కాని ఆ చెరువు మెట్లు దళితులను దిగనీయని దినములును ఈ చరిత్రలోనివే. వారు ఎవరైన నీరు తోడి పోయుదురాయని కుండతో గట్టున నిలిచియుండవలసి వచ్చెను. పాపము కడుగునని నీటిని కొలిచినవారే తోడిమానవుని దప్పికను లెక్కింపరైరి.

సముద్రము ఆ చెరువులను ఒక్క రాత్రిలో పాడుచేసిన సందర్భములును కలవు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరును ముంచి సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచగా వేలాదిమంది మరణించిరి. బ్రదికినవారి చుట్టును నీరే, త్రాగుటకు చుక్కలేదు. బావులలో ఉప్పునీరు, చెరువులలో కళేబరములు. పుణ్యస్నానములిచ్చు సముద్రమే మంచినీటిని హరించినది.

ఇచట మరియొక సంగతి చెప్పవలెను. ఆ ఉప్పెనకు ఆరేండ్ల ముందు, 1971లో, బంగాళ సరిహద్దునగల బనగాఁవ్ శరణార్థి శిబిరములో కలరా చెలరేగెను. డాక్టరు దిలీప్ మహలనవీస్ గ్లూకోసు, ఉప్పు, వంటసోడా తగుపాళ్లలో మంచినీట కలిపి రోగులచే త్రాగించెను. నూటికి 30 వరకు నుండిన మరణములు 4కు లోపునకు దిగినవి. గ్లూకోసు తోడైనచో ప్రేగులు ఉప్పును, దానితో నీటిని పీల్చుకొనును. రోగము మాన్పు జలమని నిశ్చయముగా చెప్పదగినది ఇది. ఏ కొండనుండియు ఊరినది కాదు. కొలత తెలిసిన ఏ తల్లియైనను ఇంట కలుపుకొనగలది. దీనికి కావలసిన మొదటి వస్తువు శుభ్రమైన నీరు.

శ్రోతలారా! మాఘ పూర్ణిమకు హంసలదీవి పోవువారిని వారింపవలెనని నా యభిప్రాయము కాదు. చన్నీట మునిగి, ఉదయసూర్యునికి మ్రొక్కి, పదిమందితో కలసి తిరిగివచ్చినవానికి మనస్సు తేటపడును. అదియు మేలే. అయితే గంగకే మాలిన్యము తప్పలేదని చెప్పిన పెద్దల మాటను మరువరాదు. నాడు ఆమెకు కృష్ణాసంగమము దొరకినది. నేడు బెజవాడనుండి సముద్రమువరకు కృష్ణలోనికి, కాలువలలోనికి మనము విడుచు మురుగును కడుగుటకు దిగువను వేరొక తీర్థము లేదు. హంసలదీవి చివరి తీర్థము. నీరు అచటికి చేరులోపల దానిని కాకి చేయకుండుట గట్టుననున్న మన పని.