‘రోడ్డు దాటుచుండగా...’ – ఒక మాట వెనుక నూటయాభై యేళ్ల చరిత్ర



ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన కాలంలో నేను వందలసార్లు చదివిన మాట, వందలసార్లు నా చేత్తో రాసిన మాట ఒకటుంది. అది ‘రోడ్డు దాటుచుండగా’. పోలీసులు పంపే కాగితంలోనూ అదే, గాయాల ధ్రువపత్రంలోనూ అదే. ‘రోడ్డు దాటుచుండగా గుర్తు తెలియని వాహనము ఢీకొనుట వలన’ అని మొదలయ్యే వాక్యం కింద ఎముకల విరుపులు, తలగాయాలు వరుసగా రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఆ మాటలో ఒక తీర్పు దాగి ఉందని చాలాకాలం నాకు తోచలేదు.

తోచేలా చేసినవాడు ఒక విశ్రాంత గని కార్మికుడు. ముప్పై యేళ్లకు పైగా భూగర్భంలో పనిచేసి పెద్ద దెబ్బ ఏదీ తగలకుండా బయటపడ్డ మనిషి. ఉద్యోగ విరమణ చేసిన కొద్ది నెలలకే కూరగాయల సంచితో రోడ్డు దాటుతూ మోటారు సైకిలు కింద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. మంచం పక్కన నిలబడ్డ కొడుకు, ‘‘చూసుకొని దాటొద్దా నాయినా?’’ అని విసుక్కున్నాడు. నేనూ తల ఊపాను. ముసలాయన మా ఇద్దరి వంకా చూసి, ‘‘గనిల మనిషికో తొవ్వ, టబ్బుకో తొవ్వ. ఈడ నా తొవ్వ ఏదిరా?’’ అన్నాడు.

ఆనాడు దానికి నా దగ్గర జవాబు లేదు. తరువాత తీరికగా చదువుకున్నప్పుడు తెలిసిందేమిటంటే, ఆయన అడిగిన ప్రశ్న చుట్టూ నూటయాభై యేళ్ల చరిత్ర ఉంది. అది మన కొత్తగూడెం వాసులకు ప్రత్యేకంగా పనికివచ్చే చరిత్ర.

ఎర్రజెండా నుంచి వేగం దాకా

ఆవిరియంత్రంతో నడిచే బండ్లు రోడ్డెక్కిన తొలిరోజుల్లో బ్రిటన్ వాటిని అనుమానంగానే చూసింది. 1865 నాటి చట్టం ప్రకారం అటువంటి బండి పట్టణంలో గంటకు 2 మైళ్లు, బయట 4 మైళ్లు మించి పోరాదు. దాని ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవాలి. రోడ్డు నడిచేవాళ్లది, యంత్రమే అతిథి అన్న భావన ఆ చట్టంలో ఉంది.

పట్టణంలో రోడ్డు దాటేవారి కోసం తొలి సంకేత స్తంభం కూడా ఆ కాలానిదే. 1868 డిసెంబరులో లండన్ పార్లమెంటు భవనం ఎదుట దాన్ని నిలబెట్టారు. రూపకర్త జాన్ పీక్ నైట్ రైల్వే ఇంజనీరు. రైళ్లకు వాడే చేతుల సిగ్నలునే రోడ్డుకు తెచ్చి, రాత్రి వెలుగు కోసం ఎరుపు, ఆకుపచ్చ గ్యాస్ దీపాలు అమర్చాడు. కొద్ది వారాలకే గ్యాస్ పేలి, దాన్ని నడిపే పోలీసు గాయపడ్డాడు. ప్రయోగం ఆగిపోయింది. కాని ఒక సంగతి గమనించండి: బరువైన వాహనాల మధ్య మనిషిని ఎలా కాపాడాలో రోడ్డు కంటే ముందు రైలు నేర్చుకుంది. గని కూడా ముందే నేర్చుకుంది. ఆ విషయానికి మళ్లీ వస్తాను.

1896 ఆగస్టు 17న లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే 44 యేళ్ల స్త్రీ, కూతురు వెంట ఉండగానే, ప్రదర్శనకు తిప్పుతున్న మోటారు కారు కింద పడి మరణించింది. బ్రిటన్‌లో మోటారు కారు ఢీకొని మరణించిన తొలి పాదచారిగా ఆమె పేరు చరిత్రకెక్కింది. విచారణ జరిపిన జ్యూరీ ప్రమాదవశాత్తు మరణమని తేల్చింది. ఇటువంటిది మరెన్నడూ జరగకూడదని విచారణాధికారి ఆశించాడు. అదే యేడు నవంబరులో అమలులోకి వచ్చిన కొత్త చట్టం ఆ తరహా తేలికపాటి బండ్ల వేగ పరిమితిని గంటకు 14 మైళ్లకు పెంచింది.

‘ఇంట్లో చెప్పి వచ్చావా?’

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా నగరాల వీధులు ఇంకా అందరివీ. పిల్లలు ఆడుకునేవారు, తోపుడుబండ్లవారు అమ్ముకునేవారు, జనం తోచినచోట దాటేవారు. కార్లు పెరిగి మరణాలు పెరిగేసరికి జనాగ్రహమంతా మొదట కార్ల మీదికే మళ్లింది. 1923లో సిన్సినాటి నగరంలో ప్రతి కారు వేగమూ 25 మైళ్లు మించకుండా యంత్రపరికరం బిగించాలని 42 వేల మందికి పైగా సంతకాలు చేశారు. కార్ల వ్యాపారులు ఏకమై గట్టిగా ప్రచారం చేయడంతో ఆ ప్రతిపాదన ఓటింగులో ఓడిపోయింది.

ఆ కాలంలోనే ‘జేవాకర్’ అన్న తిట్టు బాగా ప్రచారంలోకి వచ్చింది. ‘జే’ అంటే పట్నం పద్ధతి తెలియని పల్లెటూరి బైతు. నిర్ణీత స్థలం వదిలి అడ్డంగా దాటేవాణ్ణి అలా వెక్కిరించడం మొదలైంది. 1925లో లాస్ ఏంజలెస్ చేసిన నిబంధనలు ఇతర నగరాలకు నమూనా అయ్యాయి. క్రమంగా తప్పు వేగానిది కాక నడకది అయింది.

ఇది ఎక్కడో అమెరికా కథ అనుకోకండి. ‘‘ఇంట్లో చెప్పి వచ్చావా?’’ అని మన డ్రైవర్లు కేకేయడం మీరు వినే ఉంటారు. ఏజెన్సీ గూడెం నుంచి ఆసుపత్రికో, సంతకో వచ్చిన మనిషి బస్సు దిగి రోడ్డు మధ్యలో తడబడితే పడేది ఆ కేకే. ఆయన ఊళ్లో నాలుగు వరసల రోడ్డు లేదు. అది ఆయన తెలివితక్కువతనం కాదు. కాని మన నోట ఆ మాట తిట్టుగా స్థిరపడింది. నేను రాసిన ‘దాటుచుండగా’ కూడా మర్యాదగా అదే మాట అన్నది.

తెల్లచారల వెనుక ఉన్న హక్కు

బ్రిటన్‌లో 1934లో రోడ్డు ప్రమాదాల్లో 7,343 మంది చనిపోయారు. ఆ యేడు రవాణా మంత్రి అయిన లెస్లీ హోర్ బెలీషా పాదచారులు దాటే చోట్ల నారింజ రంగు గోళాలున్న స్తంభాలు పెట్టించాడు. తరువాత ఆ చోట్లు దూరానికి ఆనేలా నేల మీద రకరకాల గీతలు వేసి పరీక్షించారు. చివరకు నలుపు తెలుపు పట్టీలు ఎంపికై, 1951లో జీబ్రా క్రాసింగ్ చట్టబద్ధమైంది. చారల మీద మనిషి అడుగు పెడితే వాహనం ఆగి తీరాలన్నది ఆ చట్టం. కాపాడేది సున్నపు గీత కాదు, ఆ గీత వెనుక ఉన్న హక్కు.

ఆ గీతలు మన దేశానికీ వచ్చాయి. మోటారు వాహనాల చట్టాలు 1914లో, 1939లో, 1988లో వచ్చాయి. సిగ్నలు గాని, పోలీసు గాని లేని దాటుచోటులో డ్రైవరు వేగం తగ్గించి, ఆగి, పాదచారికి దారి ఇవ్వాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. కాని ఆ నిబంధన ఉన్నదని డ్రైవరుకూ తెలియదు, నడిచేవాడికీ తెలియదు. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారు 1,68,491 మంది. వారిలో 32,825 మంది పాదచారులు. అంటే రోజుకు దాదాపు 90 మంది.

వైద్యులు ఏం నేర్చుకున్నారు?

ఇక నా వృత్తి సంగతి. అమెరికాలో విలియం హాడన్ అనే ప్రజారోగ్య వైద్యుడు తన సహచరులతో కలిసి మన్‌హటన్‌లో వాహనాలు ఢీకొని మరణించిన 50 మంది వయోజన పాదచారులను పరిశీలించాడు. ప్రమాదం జరిగిన చోటికే, అదే వారం అదే వేళకు వెళ్లి, అటుగా నడిచిపోయేవారిని ఆపి, మృతులతో పోల్చి చూశాడు. 1961లో వెలువడిన ఆ అధ్యయనం మృతుల్లో వృద్ధులు, మద్యం సేవించినవారు ఎక్కువని చూపింది. హాడన్ అక్కడితో ఆగలేదు. గాయానికి కారణమైన ‘క్రిమి’ చలనశక్తి అన్నాడు. మనిషి, వాహనం, పరిసరం అనే మూడింటినీ ప్రమాదానికి ముందు, ప్రమాద సమయంలో, తరువాత ఏం చేయవచ్చో విడివిడిగా పరిశీలించాలన్నాడు.

భద్రాచలం అడవి అంచున పనిచేసిన వైద్యుడికి ఇది వెంటనే అర్థమవుతుంది. చలిజ్వరంతో వచ్చిన రోగిని మేము ‘దోమ కుట్టకుండా ఎందుకు చూసుకోలేదు?’ అని నిలదీయలేదు. దోమతెర వాడమని చెప్పాం, నీటిగుంటలు పూడ్పించాం, ఇళ్లకు మందు చల్లించాం. మలేరియాలో మనిషికి ఇచ్చిన ఈ న్యాయాన్ని రోడ్డు మీద ఇవ్వలేదు. విరిగిన కాలుతో వచ్చినవాణ్ణి మాత్రం ‘చూసుకోలేదా?’ అని అడిగాను.

చలనశక్తి వేగం యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం 60తో వస్తే దాని శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు. 2004లో ప్రపంచ ఆరోగ్య దినాన్ని రోడ్డు భద్రతకు కేటాయించినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన సారాంశం కూడా ఇదే: ఇవి నుదుటి రాతలు కావు, నివారించగలిగినవి.

మన దేశంలో ఈ న్యాయపోరాటాన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకువెళ్లినవారు కూడా ఒక వైద్యుడే. కోయంబత్తూరు ఎముకల శస్త్రవైద్య నిపుణులు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ 2012లో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ వ్యాజ్యంలోనే 2025 మేలో, ఆటంకాలు లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది.

మన కాళ్ల కిందనే ఉన్న పాఠం

ఇప్పుడు కొత్తగూడేనికి వద్దాం. 1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889 నాటికి అక్కడ తవ్వకం మొదలైంది. గని తరువాత రైలు, రైలు తరువాత బస్తీ. అలా పెరిగిన ఊళ్లలో మనదీ ఒకటి. నేడు 30వ నంబరు జాతీయ రహదారి మన ఊరి మీదుగా పాల్వంచ, భద్రాచలం వైపు సాగుతుంది. లారీలు, యాత్రికుల బస్సులు, ఆటోలు, బడిపిల్లలు అందరికీ అదే దారి.

మన కాళ్ల కింద గనిలో మాత్రం పద్ధతి వేరు. బొగ్గు టబ్బులు పరుగెత్తే హాలేజీ రోడ్డు వేరు, మనుషులు నడిచే మ్యాన్‌వే వేరు. హాలేజీ నడుస్తుండగా అనుమతి లేనివారు ఆ దారిన నడవరాదు. పని మీద వెళ్లక తప్పనివారి కోసం పక్కగోడలో మనిషి ఒదిగి నిలబడే గూళ్లు నిర్ణీత దూరాల్లో తొలిచి ఉంచాలి. గనివాళ్లు వాటిని మ్యాన్‌హోల్ అంటారు. చీకట్లో కనబడేందుకు ఆ గూటికి లోపలా, అంచు చుట్టూ సున్నం వేయాలి. ఇవన్నీ బొగ్గు గనుల నిబంధనల్లో ఉన్నవే. ‘జాగ్రత్తగా నడువు’ అని కార్మికుడికి చెబుతారు, నిజమే. కాని దారి చూపించిన తరువాతే చెబుతారు.

ఆ ముసలాయన అడిగింది ఇదే. భూమి లోపల ఉన్న న్యాయం భూమి పైన ఎందుకు లేదు?

లెక్క వేసి చూడండి. 14 మీటర్ల రోడ్డును చురుకైన యువకుడు సెకనుకు 1.2 మీటర్ల నడకతో దాదాపు 12 సెకన్లలో దాటుతాడు. మోకాళ్ల నొప్పులున్న నాబోటి వృద్ధుడు సెకనుకు 0.8 మీటర్లు నడిస్తే 17 సెకన్లకు పైగా పడుతుంది. 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఆలోపు 240 మీటర్లు వచ్చేస్తుంది. కంట్లో శుక్లం ఉన్నవారికి సాయంకాలపు వెలుతురులో అంత దూరాన ఉన్న వాహనం వేగం అంచనాకు రాదు. ఇక్కడ ‘చూసుకోవడం’ ఒక్కటే ఎలా సరిపోతుంది? నడుమ ఆగి నిలబడే ఎత్తైన దిమ్మె ఉంటే ఆ దూరం సగమవుతుంది. గనిలోని సున్నపు గూడు చేసే పనే ఆ దిమ్మె చేస్తుంది.

మీకు నా మనవి

దారి వచ్చేదాకా మన ప్రాణం మనం కాపాడుకోవాలి కదా. ఫుట్‌పాత్ లేనిచోట ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేలా రోడ్డుకు కుడిపక్కన నడవండి. ఆగి ఉన్న బస్సు ముందు నుంచి హఠాత్తుగా రోడ్డు మీదికి రాకండి, అది కదిలిపోయేదాకా ఆగండి. పిల్లల వేలు కాదు, మణికట్టు పట్టుకోండి. డివైడరు ఉన్నచోట ఒక సగం దాటి, ఆగి, రెండోవైపు చూసి మిగతా సగం దాటండి. చీకటి పడ్డాక లేతరంగు బట్టలు మేలు. శుక్లాల పరీక్ష వాయిదా వేయకండి. దాటేటప్పుడు ఫోను జేబులోనే ఉండాలి.

బండి నడిపేవారికి ఒక్కమాట: తెల్లచారల దగ్గర ఆగడం దయ కాదు, విధి.

ఎవరైనా పడిపోయి కనబడితే మెడ కదపకుండా, కూర్చోబెట్టకుండా, నీళ్లు తాగించకుండా 108కు ఫోను చేయండి. అత్యవసర రోగికి చికిత్స చేయడం ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులందరి బాధ్యత అని పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. సదుద్దేశంతో సాయపడినవారికి 2019 సవరణ చట్టం రక్షణ కల్పించింది. కేసుల భయంతో ముఖం తిప్పుకొని వెళ్లనక్కరలేదు.

చివరగా, వార్డు సభలో గాని, మున్సిపాలిటీకి ఇచ్చే అర్జీలో గాని, ‘జనం జాగ్రత్తగా దాటాలి’ అని రాసి ఊరుకోకండి. ఏ బడి ముందు, ఏ బస్టాపు దగ్గర, ఎక్కడ దాటుచోటు కావాలో, ఎక్కడ దిమ్మె కావాలో, ఎక్కడ ఫుట్‌పాత్ ఆక్రమణలో ఉందో పేరు పెట్టి రాయండి.

నేను ఇప్పుడు ఆ గాయాల పత్రం మళ్లీ రాయవలసి వస్తే ‘రోడ్డు దాటుచుండగా’ అన్న మాట తీసేయను. దాని పక్కన మరో మాట చేరుస్తాను: ‘దాటుటకు దారి లేనిచోట’. ఆ ముసలాయన తరువాత కర్ర పట్టుకొని నడిచాడు గాని, ఒంటరిగా బజారుకు మళ్లీ వెళ్లలేదు. ఆయన ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ఇక మనమే.