తాళం ఒక్కటే చాలదు

1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున భిలాయిలోని తన ఇంట్లో నిద్రిస్తున్న శంకర్ గుహ నియోగిని కిటికీలోంచి కాల్చి చంపారు. భిలాయి ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం అందించే దల్లీ రాజహరా గనుల్లో 1977 నుంచి కాంట్రాక్టు కార్మికులను కూడగట్టిన నాయకుడాయన. ప్రాణభయం ఉందని ముందే డైరీలో రాసుకున్నాడు. క్యాసెట్‌లో స్వయంగా చెప్పి భద్రపరిచాడు. విచారణ కోర్టు దోషులన్న పారిశ్రామికవేత్తలు పై కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. 2005లో సుప్రీంకోర్టు తుపాకీ పేల్చినవాడికి మాత్రమే శిక్ష వేసింది. ఆ సాక్ష్యానికి దక్కిన విలువ ఎంతైనా, చేతిరాతనూ గొంతునూ పోల్చుకోగలిగినవారు భిలాయిలో ఉన్నారు.

నియోగి ఉద్యమంలోనే దశాబ్దాలు పనిచేసిన న్యాయవాది సుధా భరద్వాజ్‌ను 2018 ఆగస్టు 28న భీమా కోరేగావ్ కేసులో అరెస్టు చేశారు. అదే రోజు హైదరాబాద్‌లో వరవరరావును తీసుకెళ్లారు. ఈ కేసుకు ప్రధానాధారం డైరీలు కావు, కంప్యూటర్లలో దొరికాయన్న ఉత్తరాలు. టైపు చేసిన ఉత్తరానికి చేవ్రాలు ఉండదు, గొంతు ఉండదు.

2021 ఫిబ్రవరిలో అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ సంస్థ, సహనిందితుడు రోనా విల్సన్ కంప్యూటర్‌ను పరిశీలించి నివేదిక ఇచ్చింది. 2016 జూన్‌లో వరవరరావు ఈమెయిల్ ఖాతా నుంచి ఎవరో పంపిన సందేశం ద్వారా నెట్‌వైర్ అనే చొరబాటు సాఫ్ట్‌వేర్ అందులోకి ప్రవేశించిందనీ, ఉత్తరాలను రహస్య ఫోల్డర్‌లో పెట్టారనీ దాని సారాంశం. ఎన్‌ఐఏ దీనిని అంగీకరించలేదు.

హార్డ్‌డ్రైవ్‌కు ఎన్‌క్రిప్షన్ ఎంతవరకు రక్ష అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు ఉంది. విండోస్ పాస్‌వర్డ్ పెట్టినంత మాత్రాన డ్రైవ్‌కు రక్షణ రాదు. దానిని మరో కంప్యూటర్‌కు తగిలిస్తే అందరికీ తెరుచుకుంటుంది. 2001లో అమెరికా ప్రమాణంగా ప్రకటించిన ఏఈఎస్ పద్ధతిలో సమాచారాన్ని సంకేతీకరిస్తే, బలమైన సంకేతపదం తెలియనివారికి అది అర్థంలేని అంకెల కుప్ప. 2009లో విండోస్ 7తో వచ్చిన బిట్‌లాకర్ టు గో ఈ పనిని పోర్టబుల్ డ్రైవ్‌లకూ సులభం చేసింది. కార్మికుల పేర్లు, ఫిర్యాదులు, వకాలతు పత్రాలు మోసుకెళ్లే యూనియన్ కార్యకర్తకు డ్రైవ్ పోయినా, దొంగిలించినా ఇదే కవచం.

అయితే యజమాని తాళం తీసిన క్షణం నుంచీ, ఆ కంప్యూటర్‌లో దాగిన చొరబాటుదారుకూ తలుపు తెరిచినట్టే. పైగా ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద జారీ అయిన ఆదేశానికి సహకరించనివారికి ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

పౌరుడు వేసే తాళం సమాచారాన్ని దాచగలదు. అది మారలేదని నిరూపించలేదు. ఆ పని హ్యాష్ విలువది. డ్రైవ్ మొత్తాన్ని లెక్కించి తీసిన ఈ వేలిముద్ర, లోపల ఒక్క అక్షరం మారినా మారిపోతుంది. స్వాధీనం చేసుకున్న చోటే దానిని నమోదుచేసి నిందితులకు ఇస్తే, తర్వాత చేయిపెట్టినవారు దొరికిపోతారు. అంతకుముందే జొప్పించినదాన్ని మాత్రం నిపుణుల పరిశీలనే పట్టాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన ధ్రువపత్రంలో హ్యాష్ విలువను చేర్చింది. ఆ ప్రతి సోదా జరిగిన గడపలోనే పౌరుడి చేతికి అందాలన్నది ఇక రాజకీయ డిమాండు కావాలి.