జఠరవ్రణమును, మనోవిషాదమును

జఠరవ్రణమునకు మూలమేదియను ప్రశ్నకు ఇరువదవ శతాబ్దపు వైద్యులు చెప్పిన సమాధానములు ఒకదానినొకటి త్రోసిరాజనుచు వచ్చినవి. ఆమ్లము లేనిదే వ్రణము లేదని 1910లో కార్ల్ ష్వార్ట్స్ సిద్ధాంతీకరింపగా, ఆ యామ్లము నణచుటకై చికాగోలో బెర్‌ట్రమ్ సిప్పీ 1915లో రోగులచేత ఉదయము ఏడు మొదలు సాయంకాలము ఏడు వఱకు గంటగంటకు పాలును మీగడయు త్రాగించెను.

పిదప నేరము మనస్సుపై పడెను. బాల్యమున సలసల క్రాగు సూపు మ్రింగి అన్ననాళము పూడుకొనిపోగా, పొట్టకు చేసిన రంధ్రముననే ఆహారము గొనుచు బ్రతికిన టామ్ అను నొకనిని న్యూయార్కు వైద్యులు స్టూవర్ట్ వుల్ఫ్, హెరాల్డ్ వుల్ఫ్‌లు పరిశీలించి 1943లో గ్రంథము వెలువరించిరి. కోపము వచ్చినపుడు ఆతని జఠరపు లోపొర ఎఱ్ఱబారి ఆమ్లము మిక్కుటముగ నూరుటయు, భయము కలిగినపుడు అది వెలవెలబోవుటయు వారు కన్నులార చూచిరి.

1957లో స్విట్జర్లాండున రోలాండ్ కూన్ ఇమిప్రమీన్ అను మందు మనోవిషాదమును తగ్గించునని ప్రకటించెను. ఆ కోవకు చెందిన ట్రిమిప్రమీన్, డాక్సెపిన్‌లను అనంతరము వ్రణరోగులకే యిచ్చి చూచిరి. అవి ఆమ్లస్రావమును సైతము తగ్గించునవి. 1976లో బ్రిటనున సిమెటిడీన్ వచ్చుటతో ఆ యవసరము సన్నగిల్లెను. 1982లో పెర్త్ నగరమున వారెన్, మార్షల్‌లు వ్రణమునకు కారణమగు హెలికోబాక్టర్ సూక్ష్మజీవిని పెంచి చూపుటతో మనస్సుపై మోపిన యభియోగము చాలవఱకు వీగిపోయెను.

అంతట మనోవిషాదపు మందే బోనెక్కెను. 1987 చివర అమెరికాలో అనుమతి పొందిన ఫ్లూఆక్సెటిన్ మొదలగునవి సెరొటోనిన్‌ను కణములు లోనికి పీల్చుకొనకుండ అడ్డుకొనును. రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లు సెరొటోనిన్‌ను తామై తయారుచేసికొనలేక రక్తమునుండియే గ్రహించును గనుక, ఈ మందులచే వాని నిలువ తఱిగి, వ్రణము చిట్లినపుడు గడ్డకట్టు శక్తి కొంత సడలును. ఇట్టి మందులు వాడువారిలో జీర్ణనాళపు పైభాగమున రక్తస్రావము ఇంచుమించు మూడురెట్లు అధికమని 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన పరిశోధన తెలిపెను. నొప్పిమాత్రలు తోడైనచో ముప్పు మఱింత పెరుగును.

అయినను రక్తస్రావము కలుగుట వేఱు, దానివలన ప్రాణము పోవుట వేఱు. మరణభయము నంచనా వేయుటకు 1996లో రాకాల్ ప్రభృతులు కూర్చిన గణనలో రోగి వయస్సు, షాక్, ఇతర వ్యాధులు, ఎండోస్కోపీలో కానవచ్చిన లక్షణములు చోటుచేసికొన్నవి. విషాదపు మందుకు అందు స్థానము లేదు. కావున పాఠకులలో ఇట్టి మందు వాడువారు భయపడి దానిని తమంతట మానరాదు. వ్రణమున్నను, నొప్పిమాత్రలు వాడుచున్నను ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను.