ఒకే యంత్రం, రెండు చరిత్రలు: అల్ట్రాసౌండ్‌ను ఇలా కూడా చదవండి

అల్ట్రాసౌండ్ అనగానే మన నోట్స్‌లో ఒక్కటే శీర్షిక ఉంటుంది: లింగ నిర్ధారణ నిషేధ చట్టం. జీఎస్-1లో మహిళల సమస్యలు చదివినా, జీఎస్-2లో ఆరోగ్యం చదివినా అదే. కానీ ఈ యంత్రానికి ఇంకో చరిత్ర కూడా ఉంది. అదీ ఎక్కువగా యువతులకు సంబంధించినదే. రెండూ కలిపి చదవండి, అప్పుడే సమాధానంలో సమతూకం వస్తుంది.

నాడి దొరకని జబ్బు

1908లో జపాన్ కంటి వైద్యుడు మికిటో తకయాసు 21 ఏళ్ల యువతి రెటీనాలో రక్తనాళాలు వింతగా మారడాన్ని వివరించాడు. ఇలాంటి రోగుల్లో మణికట్టు దగ్గర నాడి దొరకడం లేదని మరో ఇద్దరు వైద్యులు గమనించారు. అదే తకయాసు ఆర్టెరైటిస్. బృహద్ధమని, దాని పెద్ద శాఖల గోడలు వాచి, మందమై, లోపలి దారి ఇరుకవుతుంది. సాధారణంగా 40 ఏళ్లలోపు వారికి, అందులోనూ ఎక్కువగా స్త్రీలకు వస్తుంది.

జపాన్‌లో గుండె పైభాగపు ధమనులు ఎక్కువగా దెబ్బతింటే, భారత్‌లో పొట్టలోని బృహద్ధమని, మూత్రపిండాల ధమనులు ఎక్కువగా దెబ్బతింటాయి. అందుకే మన దగ్గర ఇది తరచుగా అధిక రక్తపోటుగా బయటపడుతుంది. ధమని ఇరుకైన చేతికి బీపీ చూస్తే తక్కువే చూపిస్తుంది. యువతికి రెండు చేతులకూ బీపీ చూడటం ఎంత అవసరమో ఇక్కడే తెలుస్తుంది.

లోహం నుంచి ధమని వరకు

లోహంలో పగుళ్లు పట్టడానికి వాడిన ధ్వని తరంగాలనే గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డ్ రోగులపై వాడి, 1958లో 'లాన్సెట్' పత్రికలో ఫలితాలు ప్రచురించాడు. 1950లలోనే ఒసాకాలో షిగియో సతోమురా డాప్లర్ పద్ధతిని గుండె, రక్తనాళాల పరిశీలనకు తెచ్చాడు. 1991లో జపాన్ వైద్యులు తకయాసు రోగుల మెడ ధమని గోడ చుట్టూ సమంగా మందమవడాన్ని 'మాకరోని' గుర్తు అన్నారు. 1997లో జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ ష్మిట్ బృందం, 50 దాటినవారికి వచ్చే జెయింట్ సెల్ ఆర్టెరైటిస్‌లో కణత ధమని చుట్టూ నల్లటి వలయాన్ని చూపింది.

అసలు చిక్కు జబ్బు తిరగబెట్టడంతోనే. స్టెరాయిడ్ మోతాదు తగ్గిస్తున్నప్పుడు వాపు మళ్లీ మొదలవ్వచ్చు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు మామూలుగా ఉన్నా గోడలో వాపు సాగుతుండవచ్చు. అల్ట్రాసౌండ్‌కు రేడియేషన్ లేదు, ఖర్చు తక్కువ, మళ్లీ మళ్లీ చేయవచ్చు. ఒక్క స్కాన్ చెప్పేది తక్కువ. పాత కొలతతో కొత్త కొలత పోల్చినప్పుడే మార్పు తెలుస్తుంది.

పరిమితులూ రాయండి. ఛాతీలోని బృహద్ధమని దీనికి సరిగా అందదు. మందం పాత మచ్చదా, కొత్త వాపుదా అన్నది తేల్చడం కష్టం. స్కాన్ చేసేవారి నైపుణ్యం కీలకం. అందుకే 2018 యూరోపియన్ సిఫార్సులు తకయాసు నిర్ధారణకు ఎంఆర్‌ఐని ముందు పెట్టాయి. భారత వైద్యులు రూపొందించిన ఐటాస్-2010 స్కోరు కొత్తగా వచ్చిన, పెరిగిన లక్షణాలను లెక్కిస్తుంది. లక్షణాలు, రక్తపరీక్షలు, స్కాన్ మూడూ కలిస్తేనే అంచనా నిలుస్తుంది.

చట్టం ఎందుకు వచ్చింది?

ఇదే యంత్రం ఆడపిల్లను పుట్టకముందే తొలగించడానికి సాధనమైంది. 0-6 ఏళ్ల బాలల లింగ నిష్పత్తి 1991లో 945, 2001లో 927. మహారాష్ట్ర 1988లోనే చట్టం చేసింది. కేంద్ర చట్టం 1994లో వచ్చి 1996 నుంచి అమలైంది. అమలు సరిగా లేదన్న పిటిషన్‌పై 2001లో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చింది. 2003లో చట్టాన్ని సవరించి కట్టుదిట్టం చేశారు. పిండం లింగం కనిపెట్టగల యంత్రాన్ని ఏ పనికి కొన్నా నమోదు తప్పదు. పోర్టబుల్ యంత్రాలపైనా ఆంక్షలున్నాయి.

కాబట్టి మెడ ధమని చూడాలనుకునే వైద్యుడూ ఇదే నిబంధనల గుండా వెళ్లాలి. అలాగని చట్టాన్ని సడలించాలని రాయకండి. పై అంకెలే దానికి జవాబు. నిఘా కఠినంగా ఉంచుతూనే, జిల్లా ఆసుపత్రుల్లో నమోదైన యంత్రాలతో ధమనుల స్కాన్‌కు శిక్షణ ఇవ్వాలని రాయండి. పుట్టకముందు ఆడపిల్లను కాపాడే రాజ్యం, పుట్టి పెరిగాక ఆమె నాడి ఆగిపోకుండా కూడా చూడాలి.

సాధన ప్రశ్న: "సాంకేతికతను నియంత్రించడమంటే దాని దుర్వినియోగాన్ని అడ్డుకోవడమే కాదు, సద్వినియోగానికి దారి తెరవడం కూడా." అల్ట్రాసౌండ్ ఉదాహరణతో చర్చించండి. (150 పదాలు)